మోగ్లీని పిల్లలకు ఏ సినిమాతో పరిచయం చేయాలి? ‘జంగిల్ బుక్’ సినిమాలు, సీరియళ్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు మొదలవగానే చాలా ఇళ్లలో ఇదే వెతుకులాట. పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నదానికి ఐదు. ఇద్దరూ కలిసి కూర్చుని చూసే సినిమా ఒకటి కావాలి. అప్పుడు ముందుగా నోటికొచ్చే పేర్లలో, తోడేళ్లు పెంచిన పిల్లవాడు మోగ్లీ కథ ‘జంగిల్ బుక్’ ఒకటి. కానీ ఆ పేరు కింద ఎనిమిది దశాబ్దాల సినిమాలు, సీరియళ్లు ఉన్నాయి. ఒకటి ఐదేళ్ల పిల్ల పకపకా నవ్వుతూ చూసేది, ఇంకొకటి పదేళ్ల పిల్లాడికి కూడా రాత్రి నిద్ర పట్టనివ్వనిది. పోస్టర్ చూస్తే ఆ తేడా తెలియదు. తల్లిదండ్రులు, టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కథలో మలుపులు కొన్ని బయటపడతాయి. ఏ సీను దగ్గర పిల్లల పక్కన ఉండాలో చెప్పాలంటే అది తప్పదు.

ఇన్నింటిలో ఒక్కటే చూపించాలంటే ఏది?

పిల్లలకు నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య వయసైతే 1967లో వచ్చిన డిస్నీ కార్టూన్ సినిమా. ఎనిమిది దాటితే 2016లో జాన్ ఫావ్రో తీసిన సినిమా. పదేళ్లు దాటి, కాస్త పుస్తకాలు చదివే అలవాటున్న పిల్లలైతే సోవియట్ యూనియన్‌లో తీసిన ‘మౌగ్లీ’. ఈ మూడూ ఈ వరుసలోనే చూస్తే, ఒకే కథ పిల్లలతో పాటు ఎదుగుతుంది. మొదటిసారి ఆటపాటల్లా, రెండోసారి సాహసంలా, మూడోసారి జీవితంలా కనిపిస్తుంది. వరుస తిరగేస్తే చిన్నవాళ్లు భయపడతారు, పెద్దవాళ్లకు పాటల సినిమా పసితనంగా అనిపిస్తుంది.

అసలు పుస్తకంలో ఏముంది? సినిమాలన్నీ దాని నుంచేనా?

రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. ‘ది జంగిల్ బుక్’ 1894లో, ‘ది సెకండ్ జంగిల్ బుక్’ 1895లో వచ్చాయి. కథలు జరిగేది మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో, వైన్‌గంగ నది ఒడ్డున. రాసింది మాత్రం అమెరికాలో, మంచు కురిసే వెర్మాంట్ రాష్ట్రంలో కూర్చుని.

అది నవల కాదు, కథల సంపుటి. అందులో అన్నీ మోగ్లీ కథలు కూడా కావు. పాములతో పోరాడే ముంగిస రిక్కి-టిక్కి-టావి, ఏనుగుల నాట్యం చూసిన మావటి కొడుకు తూమాయ్, మనుషులు రాని తీరం కోసం వెతికే తెల్ల సీల్ కూడా ఈ పుస్తకాల్లోనివే. మోగ్లీ కథలు కూడా ఒక్కోటీ అతని ఒక్కో వయసులో జరుగుతాయి. సినిమావాళ్లు ఎవరికి కావలసిన ముక్క వాళ్లు తీసుకున్నారు. అందుకే ఒక సినిమాకూ ఇంకో సినిమాకూ అంత తేడా.

1967 కార్టూన్ సినిమాలో చిన్నపిల్లలు భయపడే సీన్లు ఉన్నాయా?

కొన్ని ఉన్నాయి, కానీ ఏవీ ఎక్కువసేపు ఉండవు. 78 నిమిషాల సినిమా ఇది. వాల్ట్ డిస్నీ స్వయంగా దగ్గరుండి చూసుకున్న కార్టూన్ సినిమాల్లో చివరిది. 1966 డిసెంబర్‌లో ఆయన చనిపోయారు, సినిమా మరుసటి ఏడాది అక్టోబర్‌లో విడుదలైంది. పుస్తకంలోని చీకటిని ఆయన కావాలనే పక్కన పెట్టారు. కథ రాయాల్సిన రచయిత చేతికి పుస్తకం ఇచ్చి, ముందుగా చేయాల్సింది దీన్ని చదవకపోవడమే అన్నారని డిస్నీ స్టూడియో చరిత్రలో బాగా తెలిసిన సంగతి.

కొండచిలువ కా కళ్లు రంగురంగుల సుడుల్లా తిప్పుతూ మోగ్లీని మత్తులో ముంచి చుట్టేసే సీను రెండుసార్లు వస్తుంది. కొందరు పిల్లలు నవ్వుతారు, కొందరు దిండు వెనక దాక్కుంటారు. అంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చివర్లో. ఉరుములు మెరుపుల మధ్య, మోగ్లీని చంపాలని చూసే పులి షేర్‌ఖాన్‌తో పోరాడి ఎలుగుబంటి బలూ కదలకుండా పడిపోతాడు. వాన మొదలవుతుంది. నల్ల చిరుత బఘీరా బరువైన గొంతుతో, స్నేహితుడి కోసం ప్రాణమిచ్చిన వాడి గొప్పతనం గురించి మోగ్లీకి చెబుతుంటాడు. పిల్లల కళ్లలో నీళ్లు తిరిగేది సరిగ్గా ఇక్కడే. కాసేపటికి బలూ మెల్లగా ఒక కన్ను తెరుస్తాడు. తన గురించి చెబుతున్న మంచి మాటలన్నీ వింటూ, ఇంకా చెబితే బాగుండునన్నట్టు పడుకునే ఉంటాడు. ఏడుపు, నవ్వు ఒకే నిమిషంలో వచ్చే ఈ సీను కోసమే ఈ సినిమా మళ్లీ మళ్లీ చూడొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలుంటే, బలూ పడిపోయినప్పుడు “లేస్తాడు, చూడు” అని ముందే చెవిలో చెప్పండి. సరదా ఏమీ తగ్గదు.

ఇందులో షేర్‌ఖాన్ కూడా చావడు. తోకకు మండుతున్న కొమ్మ కట్టడంతో భయపడి పారిపోతాడు.

2016 సినిమాకి మన దగ్గర యూ/ఏ ఎందుకిచ్చారు? ఆరేళ్ల బాబుకి చూపించవచ్చా?

మన దేశంలో ఈ సినిమా 2016 ఏప్రిల్ 8న, అంటే అమెరికా కన్నా వారం ముందే విడుదలైంది. ఇంగ్లీషుతో పాటు తెలుగు, హిందీ, తమిళంలోనూ వచ్చింది. పిల్లల సినిమాకు యూ/ఏ ఏమిటని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. త్రీడీలో జంతువులు మీదికి దూకినట్టు అనిపించే సీన్లు పిల్లల్ని భయపెడతాయన్నది సెన్సార్ బోర్డు వాదన. ఆ నిర్ణయాన్ని ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో మాత్రం బోర్డు చెప్పింది సబబే. ఇది డిస్నీ వాళ్లదే, పాటలు కూడా రెండు మూడు పాతవే ఉన్నాయి కాబట్టి పాత కార్టూన్ లాగే ఉంటుందనుకుంటే పొరపాటు.

మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, కా గుహలాంటి చీకటి చెట్ల మధ్య మోగ్లీకి అతని గతం చూపించే సీను. పసివాడుగా ఉన్నప్పుడు తండ్రిని షేర్‌ఖాన్ ఎలా చంపాడో అందులో తెలుస్తుంది. రెండోది అకేలా చావు. షేర్‌ఖాన్ మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ, ఏ హెచ్చరికా లేకుండా, తోడేళ్ల నాయకుణ్ని నోట కరిచి కొండ మీంచి విసిరేస్తాడు. రక్తం కనిపించదు, కానీ పెద్దవాళ్లు కూడా ఉలిక్కిపడతారు. మూడోది క్లైమాక్స్. అడవి అంటుకుంటుంది, షేర్‌ఖాన్ మంటల్లో పడిపోతాడు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే సీను ఇంకోటి ఉంది. అకేలాను చంపాక షేర్‌ఖాన్ తోడేలు కూనల మధ్య పడుకుని, కోకిల తన గుడ్డును వేరే పక్షి గూట్లో పెట్టే కథ చెబుతాడు. గొంతు పెంచడు, పళ్లు చూపించడు. తల్లి తోడేలు రక్ష అటు వైపే చూస్తూ నిలబడి ఉంటుంది. చిన్నపిల్లలకు ఇది ఏదో కథ చెబుతున్నట్టే ఉంటుంది, పదేళ్ల పిల్లలకు ఆ బెదిరింపు అర్థమవుతుంది. నమ్మకంగా దగ్గరికొచ్చే చెడ్డవాళ్ల గురించి పిల్లలతో మాట్లాడటానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఆరేళ్ల బాబు సంగతికొస్తే, థియేటర్లో త్రీడీలో వద్దనే చెప్పేదాన్ని. ఇంట్లో టీవీలో, పగటిపూట, మీరు పక్కన ఉంటే పర్వాలేదు. ఎనిమిదేళ్ల వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఆ జంతువులు నిజమైనవేనా?

ఒక్కటీ కాదు. సినిమా మొత్తం లాస్ ఏంజెలెస్‌లోని స్టూడియోలోనే తీశారు. మోగ్లీగా నటించిన నీల్ సేథీ, న్యూయార్క్‌లో పెరిగిన భారతీయ సంతతి కుర్రాడు, నీలం తెరల మధ్య బొమ్మలతో, బొమ్మలాడించేవాళ్లతో మాట్లాడుతూ నటించాడు. అడవి, జంతువులు కంప్యూటర్‌లో తయారయ్యాయి. 2017లో విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. భయపడిన పిల్లలకు మందు ఇదే: సినిమా అయ్యాక ఆ షూటింగ్ వీడియోలు చూపించండి. పులి స్థానంలో ఒక మనిషి నీలం బట్టలేసుకుని దూకడం చూస్తే భయం సగం పోతుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘మోగ్లీ’ కూడా అలాంటిదేనా?

కాదు. 2018లో ఆండీ సెర్కిస్ తీసిన ఈ సినిమా పదమూడేళ్లలోపు పిల్లలకు వద్దు. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు. తెల్లటి బొచ్చుతో, అందరిలా పుట్టని ఒక తోడేలు కూన ఉంటుంది ఇందులో. పేరు భూత్. మోగ్లీకి ప్రాణస్నేహితుడు. తర్వాత వేటగాడి గదిలో, గడ్డి కూరి దాచిన జంతువుల మధ్య, ఆ కూన తల మోగ్లీకి కనిపిస్తుంది. ఏ వయసు పిల్లలైనా ఈ సీను మర్చిపోలేరు. గాయాలు, రక్తం కూడా ఎక్కువే.

చెడ్డ సినిమా అని కాదు నేననేది. పుస్తకంలోని కఠినత్వాన్ని దాచకుండా చూపించాలన్న ప్రయత్నం అది, టీనేజీ పిల్లలతో కూర్చుని చూసి చర్చించవచ్చు. హిందీలో అనిల్ కపూర్, మాధురీ దీక్షిత్ లాంటివాళ్లు గొంతులిచ్చారు. తెలిసిన పేర్లు కనిపించగానే ఇంటిల్లిపాదీ చూసేదనుకుని చాలామంది పిల్లల ముందు పెట్టేస్తున్నారు. ప్లే నొక్కేముందు వయసు రేటింగ్ చూడండి.

యూ/ఏ అంటే ఇప్పుడు ఏమిటి? 7+, 13+ అని కనిపిస్తోంది కదా?

ఓటీటీలకు 2021 నిబంధనలతో, థియేటర్ సినిమాలకు 2024 నుంచి యూ/ఏని మూడుగా విడగొట్టారు: 7+, 13+, 16+. పాత సినిమాల మీద ఉత్త యూ/ఏ అనే ఉంటుంది, అది ఏడేళ్లకో పదహారేళ్లకో తెలియదు. పాతవాటికి పెద్దవాళ్లు ఒకసారి ముందుగా చూసుకోవడమే దారి.

మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం వచ్చేదే, అది ఇప్పటి పిల్లలకు నచ్చుతుందా?

అది జపాన్‌ది. నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో మొదలుపెట్టిన 52 ఎపిసోడ్ల సీరియల్. మనకు 1993లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది. దాని ముందొచ్చే పాటను గుల్జార్ మన దేశంలో ప్రసారం కోసమే రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. షేర్‌ఖాన్‌కు నానా పటేకర్ గొంతు. చడ్డీ వేసుకుని పూసిన పువ్వు గురించిన ఆ పాటను హిందీ ముక్క రాని తెలుగు పిల్లలు కూడా గడగడా పాడేవాళ్లు. 2016 సినిమా హిందీలో వచ్చినప్పుడు షేర్‌ఖాన్‌కు మళ్లీ నానా పటేకర్ చేతే చెప్పించారు, ఆ పాటను ప్రచారానికి మళ్లీ వాడుకున్నారు. అంతగా గుర్తుండిపోయింది జనానికి.

ఇప్పటి పిల్లలకు బొమ్మలు పాతగా, కథ నిదానంగా అనిపించవచ్చు. కానీ సీరియల్ కాబట్టి మోగ్లీ పెరగడం, తోడేలు అన్నదమ్ములతో గొడవలు, అడవి నియమాలు నేర్చుకోవడం తీరిగ్గా చూపిస్తారు. రెండు గంటల సినిమాకు ఆ తీరిక ఉండదు. రోజుకో ఎపిసోడ్ చొప్పున చూస్తే బాగుంటుంది. అక్కడక్కడా చావులు ఉన్నాయి, ఆరేళ్లు దాటాక మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లో తయారైన జంగిల్ బుక్ ఒకటుందట, నిజమేనా?

నిజమే. హైదరాబాద్‌కు చెందిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ 2010 నుంచి ఒక కంప్యూటర్ యానిమేషన్ సీరియల్ తీసింది. చిట్టి ఎపిసోడ్లు, ఒక్కోటి పదకొండు నిమిషాలు. చాలా దేశాల టీవీల్లో వచ్చింది. కథలు తేలిక, షేర్‌ఖాన్ పన్నాగాలు పారవు, ఎవరూ చావరు. నాలుగేళ్ల పిల్లలకు అన్నం తినిపిస్తూ పెట్టే రకం. పెద్ద పిల్లలు విసుగు పడతారు. మన ఊళ్లో మన ఆర్టిస్టులు పనిచేశారని మాత్రం పిల్లలకు చెప్పండి. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకు ఆ మాట చాలా దూరం ఉపయోగపడుతుంది.

సోవియట్ ‘మౌగ్లీ’ని అంతగా పొగుడుతున్నారు, ఎందుకు?

పుస్తకాన్ని నమ్మి తీసినవాళ్లు వీళ్లే కాబట్టి. సోయుజ్‌ముల్త్‌ఫిల్మ్ స్టూడియోలో రోమన్ దావిదోవ్ దర్శకత్వంలో 1967 నుంచి 1971 దాకా ఐదు భాగాలుగా వచ్చింది. ఒక్కోటి దాదాపు ఇరవై నిమిషాలు. అమెరికాలో డిస్నీ సినిమా వచ్చిన ఏడాదే ఇదీ మొదలైంది. సంగీతం సోఫియా గుబైదులినా, ఆ తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి పొందిన స్వరకర్త.

ఇందులో మోగ్లీ మన కళ్ల ముందే పెరుగుతాడు. పాకే పసివాడు, చెట్లెక్కే కుర్రాడు, చివరికి కండలు తిరిగిన యువకుడు. బఘీరా ఇక్కడ ఆడ చిరుత. ఒళ్లు విరుచుకుంటూ కొమ్మ మీంచి దిగే ఆ నడక చూస్తే, ఇక ఏ బఘీరా కూడా సరితూగదు. కా విలన్ కాదు, పుస్తకంలో లాగే వయసు, తెలివి ఉన్న పెద్ద దిక్కు.

నాలుగో భాగంలోని యుద్ధం దగ్గర పిల్లల పక్కన కూర్చోండి. దక్కన్ నుంచి రేచుకుక్కల దండు వస్తుంది. పులి కూడా తప్పుకునే దండు అది. మోగ్లీ వాటిని రెచ్చగొట్టి, తేనెటీగల పట్టులున్న కొండ చరియల మీదికి పరిగెత్తించి, తను అంచు నుంచి వైన్‌గంగలోకి దూకుతాడు. నీళ్లలో కా కాచుకుని ఉంటుంది. ఆ రాత్రి అకేలా ప్రాణాలు వదులుతాడు. ఈ సీన్లు ఏ అలంకారమూ లేకుండా సూటిగా ఉంటాయి, అందుకే పదేళ్లు దాటాక అన్నాను. ఆ వైన్‌గంగ నీళ్లు తర్వాత వార్ధాతో కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర మన గోదావరిలో కలుస్తాయి. మ్యాప్ తీసి పిల్లలకు ఆ గీత వేలితో చూపించండి. కథలోని అడవి ఎక్కడో లేదని వాళ్లకే తెలుస్తుంది.

మూల భాష రష్యన్. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో దొరుకుతుంది. చదవడం రాని పిల్లలకు మీరే తెలుగులో చెబుతూ చూడవచ్చు, మాటలు తక్కువే.

1942 నాటి పాత సినిమా సంగతేమిటి? అందులో హీరో మనవాడేనట?

అవును, సాబూ. 1924లో మైసూరు సంస్థానంలో మావటి ఇంట్లో పుట్టాడు. కిప్లింగ్ తూమాయ్ కథను ‘ఎలిఫెంట్ బాయ్’ పేరుతో తీయడానికి వచ్చిన బృందం కళ్లలో పడ్డాడు. 1937లో ఆ సినిమా రాగానే ప్రపంచానికి తెలిసిపోయాడు. ఐదేళ్ల తర్వాత జోల్తాన్ కోర్డా దర్శకత్వంలో మోగ్లీ అయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో పనిచేశాడు, 39 ఏళ్లకే చనిపోయాడు. ఏనుగుల మధ్య పెరిగిన పిల్లవాడు కాబట్టి జంతువు పక్కన నిలబడితే ఆ కుర్రాడి ఒంట్లో బెరుకు ఉండదు. ఏ కంప్యూటరూ ఆ నిబ్బరాన్ని తేలేదు.

సినిమాను కాలిఫోర్నియాలో తీశారు. పులులు, ఏనుగులు నిజమైనవి, పాములు బొమ్మలు. ఇప్పటి పిల్లలు బొమ్మ పామును చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. అడవి తగలబడే చివరి భాగం మాత్రం ఇప్పటికీ కట్టిపడేస్తుంది. నిధి కోసం ఊరివాళ్లు ఒకరినొకరు చంపుకునే కథ ఉంది, ఎనిమిదేళ్లు దాటాక మంచిది. అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే కాపీరైట్ లేదు కాబట్టి నెట్‌లో రకరకాల ప్రింట్లు తిరుగుతుంటాయి. రంగులు శుభ్రంగా ఉన్న ప్రింటు వెతుక్కుని చూడండి, ఈ సినిమా అందమంతా రంగుల్లోనే ఉంది.

1994లో వచ్చింది?

జేసన్ స్కాట్ లీ హీరో. జంతువులు మాట్లాడవు. బ్రిటిష్ అధికారి కూతురితో ప్రేమ, నిధి వేట, ఊబిలో మునిగి చావడాలు. పేరుకే జంగిల్ బుక్. చిన్నపిల్లలకు అవసరం లేదు.

ఒక సినిమాలో కా మంచిది, ఇంకో దాంట్లో చెడ్డది. పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

పుస్తకంలో కా మోగ్లీకి మిత్రుడనే చెప్పండి. కోతులు మోగ్లీని ఎత్తుకుపోయినప్పుడు బలూ, బఘీరా వెళ్లి సాయమడిగేది కానే. డిస్నీవాళ్లు పామును విలన్‌ను చేశారు, 2016లో కూడా అదే కొనసాగింది.

కోతుల రాజు లూయీ అయితే పుస్తకంలో అసలు లేడు. కిప్లింగ్ కోతులకు నాయకుడే ఉండడు, వాటి బలహీనతే అది. పైగా ఒరాంగుటాన్ మన అడవుల జంతువు కాదు. అందుకే 2016లో లూయీని ఎప్పుడో అంతరించిపోయిన జైగాంటోపిథెకస్ అనే భారీ వానరంగా మార్చారు. డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లలకు ఈ సంగతి చెబితే సినిమా కన్నా ఎక్కువ ఆనందిస్తారు.

చివరికి మోగ్లీ అడవిలో ఉంటాడా, ఊరికి వెళ్తాడా?

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నాకు ఈ కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఒక్కో సినిమా ఒక్కో జవాబు చెప్పింది.

1942లో సాబూ మోగ్లీ ఊరిని చూసి, మనుషుల ఆశను చూసి, అడవికే తిరిగి వెళ్లిపోతాడు. 1967లో నీళ్ల కడవతో వచ్చిన ఒక అమ్మాయి వెనక ఊళ్లోకి నడుస్తాడు, బలూ నచ్చజెప్పబోయినా ఆగడు. 2003లో వచ్చిన రెండో భాగంలో ఊళ్లో ఉంటూనే అడవికి వచ్చిపోతుంటాడు. 2016లో అడవిలోనే ఉండిపోతాడు, మనిషి తెలివిని దాచుకోకుండానే తోడేళ్లలో ఒకడవుతాడు.

పుస్తకంలో ఇంత తేలిగ్గా తెగదు. ఊరివాళ్లు ఒకసారి రాళ్లు వేసి తరుముతారు, తోడేళ్లు ఒకసారి వెళ్లగొడతాయి. షేర్‌ఖాన్‌ను గేదెల మందతో తొక్కించి చంపాక కూడా అతనికి ఎక్కడా చోటు కుదరదు. చివరికి పదిహేడేళ్ల వయసులో, వసంతం వచ్చినప్పుడు, కారణం తెలియని దిగులుతో పరిగెత్తి పరిగెత్తి, తనను పెంచిన వాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తాడు. ఎవరూ అతన్ని పొమ్మనరు. వెళ్లక తప్పదని అందరికీ తెలుసు. సోవియట్ సినిమా ఐదో భాగం దీన్నే చూపిస్తుంది.

పెద్ద చదువుకు హాస్టల్‌కు పంపబోతున్న ఇంట్లో ఈ ముగింపు వేరేలా తాకుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న మన పిల్లలకు కూడా. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మధ్య పెరిగే పిల్లలు ‘నేను ఎక్కడివాణ్ని’ అని ఏదో ఒక రోజు అడుగుతారు. 2016 సినిమా ఆ పిల్లలకు ధైర్యం ఇస్తుంది, ఉన్నచోట ఉన్నట్టుగా ఉండొచ్చంటుంది. పుస్తకం అంత ఊరటనివ్వదు. కానీ ఏడుస్తూ అయినా ముందుకు వెళ్లొచ్చని, వెనక్కి వస్తే గుర్తుపట్టేవాళ్లు ఉంటారని చెబుతుంది. రెండూ తెలియాలి పిల్లలకు. సినిమా అయ్యాక “నువ్వైతే ఎక్కడుంటావు?” అని అడిగి చూడండి, ఏ జవాబు చెప్పినా సరిదిద్దకండి.

తెలుగు డబ్బింగ్ చూపించాలా, ఇంగ్లీషా?

చిన్నపిల్లలకు తెలుగు. పాట ఆగి, మాట అర్థం కాక మన ముఖం వైపు చూసే పిల్లకు కథ సగమే అందుతుంది. 2016 సినిమా తెలుగులో విడుదలైంది కాబట్టి ఓటీటీలో ఆడియో మెనూలో తెలుగు ఉందేమో ముందు చూసుకోండి. దేశాన్ని బట్టి ఆడియో మారుతుంటుంది, ఇక్కడ ఉన్నది విదేశాల్లో ఉండకపోవచ్చు. 1967 సినిమా మాత్రం పాటల కోసం ఒక్కసారైనా ఇంగ్లీషులో వినాలి. బలూ పాటను రాసిన టెర్రీ గిల్కిసన్ ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు.

కిప్లింగ్ సామ్రాజ్యవాది కదా, పిల్లలకు ఆయన కథలు ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. 1899లో తెల్లజాతి భారం గురించి కవిత రాసిన మనిషి ఆయన. బ్రిటిష్ పాలన మన మేలుకేనని నమ్మాడు. పుస్తకంలో కూడా ఊరివాళ్లు మూఢులుగా, పిరికివాళ్లుగా కనిపిస్తారు, న్యాయం కోసం ఇంగ్లీషువాళ్ల దగ్గరికి పరిగెత్తుతారు. 1967 సినిమాలో కోతులను నల్లజాతి సంగీతకారుల పోలికలతో చూపించారన్న విమర్శ కూడా చాలాకాలంగా ఉంది.

దాచిపెట్టడం కన్నా, పదేళ్లు దాటిన పిల్లలకు ఈ సంగతులు చెప్పి చూపించడం మేలు. మన అడవిని, మన జంతువులను, మన ఊరి పిల్లవాణ్ని ప్రపంచం అంతా ప్రేమించేలా చేసిన కథ ఇది. దాన్ని రాసినవాడి రాజకీయం మనకు వ్యతిరేకం. ఈ రెండూ నిజమే, పిల్లలు రెంటినీ అర్థం చేసుకోగలరు. మనమే వాళ్లను తక్కువ అంచనా వేస్తాం.

సినిమాకన్నా ముందు పుస్తకం చదివించాలా?

మొదటి కథ, కోతులు ఎత్తుకుపోయే కథ, షేర్‌ఖాన్ చచ్చే కథ, ఈ మూడూ చదివి వినిపిస్తే చాలు. ఊరి మీదికి అడవిని తోలే కథ పన్నెండేళ్లు దాటేదాకా ఆపండి, అందులో మనుషుల క్రూరత్వం ఎక్కువ.

ముంగిస కథను మాత్రం వదలొద్దు. బ్రాహ్మణుడు, ముంగిస కథ పంచతంత్రంలో విన్న పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. అక్కడ ముంగిసను తొందరపాటుతో చంపుతారు, ఇక్కడ ముంగిస నాగుపాముల జంటను ఓడించి ఇంటిని కాపాడుతుంది. 1975లో చక్ జోన్స్ దీన్ని అరగంట కార్టూన్‌గా తీశారు, కథ చెప్పింది ఆర్సన్ వెల్స్. పాములంటే భయం లేని ఆరేళ్ల పిల్లలకు ఫర్వాలేదు.

తోడేళ్లు నిజంగా పిల్లల్ని పెంచుతాయా?

అలాంటి కథలు మన దేశంలో బోలెడు. 1920లో మిడ్నాపూర్ దగ్గర దొరికారన్న అమల, కమల కథ పాఠాల్లో కూడా వచ్చింది. తర్వాత పరిశీలించినవాళ్లు దాన్ని నమ్మలేమన్నారు. లేదనే చెప్పండి, తోడేళ్లు తమ కూనల్ని గుంపుగా పెంచే తీరు మాత్రం నిజమని కూడా చెప్పండి.

మోగ్లీ అడవిని చూడటానికి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. సివనీ, ఛింద్వాడా జిల్లాల్లోని పెంచ్ పులుల అభయారణ్యం కిప్లింగ్ కథల ప్రాంతమే. హైదరాబాద్ నుంచి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారే ముందుకు సాగి పెంచ్ అడవి మధ్య నుంచి పోతుంది. అక్కడ జంతువులు కింద నుంచి దాటేలా రోడ్డును ఎత్తులో కట్టారు. పులులు ఆ వంతెనల కింద నడుస్తున్న ఫొటోలు కెమెరాల్లో పడ్డాయి. నాగ్‌పూర్ నుంచి తూరియా గేటు రెండు గంటల ప్రయాణం.

వర్షాకాలంలో, జులై నుంచి సెప్టెంబర్ దాకా, లోపలి అడవి మూసేస్తారు. సఫారీ టికెట్లు అటవీ శాఖ వెబ్‌సైట్‌లో ముందే తీసుకోవాలి, సెలవుల్లో త్వరగా అయిపోతాయి. గుర్తింపు కార్డులు పిల్లలవి కూడా పట్టుకెళ్లండి. తెల్లవారుజామున ఓపెన్ జీపులో చలి ఎక్కువ, శీతాకాలంలో వెళ్తే పిల్లలకు చెవులు మూసే టోపీలు, దుప్పటి తప్పనిసరి. పులి కనిపిస్తుందని ముందే మాటివ్వకండి. జింకలు, కొండముచ్చులు, నెమళ్లు మాత్రం పిల్లల కళ్లు నింపేటన్ని కనిపిస్తాయి.